ఐదు సెకన్లు

ఆటోనగర్ మూడో రోడ్డు, రాత్రి పదకొండు.
టీ కొట్టు టీవీలో రేసు.
చక్రం బిగియకముందే కారు వదిలారు;
నట్టు ఒకటి దొర్లి దొర్లి
ఎవరికీ తగలకుండా ఆగింది.
శిక్ష: ఐదు సెకన్లు.

"అన్యాయం" అన్నాడు కుర్రాడు బాజీ,
"ఎవడికేమైందని?"
సిలార్ మాట్లాడలేదు.
ఎడమ కాలు స్టూలు కిందికి లాక్కున్నాడు.

ఆ కాలికి మూడు వేళ్లే.
జాకీ దించింది నేను.
"రైట్" అని వినబడితే దించేశా.
అది పక్క షెడ్డులో
ఎవరో ఇంకో బండికి చెప్పిన రైట్.
ఓనరు నా వారం కూలి కోశాడు.
లెక్క సరిపోయిందన్నారు అందరూ.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది.
అంతకుముందు మంగళవారం
వెనక చక్రం నట్లు చేత్తో తిప్పి వదిలేసి
ఓ మిర్చి లారీని పంపించేశా.
గుంటూరు యార్డుకి క్షేమంగా చేరింది.
తిరుగు దారిలో డ్రైవరు
హారన్ కొట్టి నవ్వాడు కూడా.
దానికి నాకు పడింది సున్నా.

రెండు రోజులూ అదే చెయ్యి,
అదే తొందర.

టీవీలో మళ్లీ ఓ కారొచ్చి ఆగింది.
ఇరవై చేతులు దాని మీద వాలాయి.
సిలార్ గ్లాసు కింద పెట్టి
"ఐదు చాలవురా" అన్నాడు,
నా వైపు చూడకుండా.

టీ డబ్బులు ఎప్పట్లాగే
నేనే ఇచ్చాను.