అరవై ఒకటి, వయా ఇటుకబట్టీ

నా పని గీతలు గీయడం.
ఓల్డర్‌షా డిపోలో, మేడ మీది గదిలో,
ముప్పై నాలుగేళ్లు
ఏ బస్సు ఏ నిమిషానికి ఎక్కడుండాలో రాశాను.
ఏదీ ఎప్పుడూ అక్కడ లేదు, అది వేరే సంగతి.

అరవై ఒకటి నాకంటే పెద్దది.
మొదట దానికి నంబరు కూడా లేదు.
తెల్లారి అయిదింటికి బట్టీ కూలీలను తీసుకెళ్లి
సాయంత్రం ఎర్రగా చేసి తెచ్చేది.
సగ్డెన్ అనే ఇన్‌స్పెక్టర్ పాత రిజిస్టర్లో రాశాడు:
"ఈ బండిలో ఊడ్చిన మట్టితో ఒక గది కట్టొచ్చు."
ఆయనకు హాస్యం చేతకాదు. లెక్కే రాసుంటాడు.

కండక్టర్ హెడ్లీ బ్రాత్‌వెయిట్
బార్బడోస్ నుంచి వచ్చిన తొలి చలికాలం
ఒక్కరూ అతని చేతిలో చిల్లర పెట్టలేదు,
సీటు అంచున పెట్టేవారు.
మంచులో బండి దిగబడిన రోజు
అందరూ దిగి తోశారు, అతని భుజం పక్కన భుజం ఆనించి.
మర్నాడు చిల్లర మళ్లీ సీటు అంచునే.
కొందరిది మాత్రం చేతిలో.
రిటైరయ్యాక, టీలో బిస్కెట్ ముంచుతూ
ఆయనే చెప్పాడు నాకు,
ఆ కొందరి పేర్లతో సహా.

బట్టీ చల్లారింది.
ఎనిమిదేళ్లు అరవై ఒకటి
ఏమీ లేని చోటికి వెళ్లి ఎవరూ లేకుండా తిరిగొచ్చింది.
రద్దు చేయడానికి ఒక సంతకం కావాలి,
అది పెట్టాల్సినవాడు సెలవులో ఉన్నాడనుకుంటాను.

ఆ తర్వాత రూట్లను బజారున పెట్టారు.
మూడు కంపెనీలు, మూడు రంగులు,
ఒకే స్టాపులో ఒకే ముసలమ్మ కోసం
గుద్దుకున్నంత పని చేశాయి.
ఆర్నెల్లు ఊరికి పండగ.
ఏడో నెలకి ఒక్క రంగే మిగిలింది,
టికెట్ రెట్టింపైంది.

మట్టి తవ్విన గోతిలో నీళ్లు నింపి సరస్సన్నారు.
చుట్టూ అద్దాల మేడలు లేచాయి.
మూడు వేల ఉద్యోగాలు, నాలుగు వేల కార్లకు చోటు.
ఆ మిగతా వెయ్యి ఎవరికో ఇప్పటికీ తెలీదు;
అడవి బాతులు వచ్చి గుడ్లు పెట్టుకున్నాయి.
కట్టినవాళ్లు అనుమతి కోసం
బస్సుకి అయిదేళ్లు డబ్బిచ్చారు.
అయిదేళ్ల మీద ఒక్క రోజుకి
ఆరూ నలభై తర్వాత బస్సు లేదు.

ఆఫీసులు ఖాళీ అయ్యాకే కదా
ఊడ్చేవాళ్లకు తెల్లారేది.

నవంబరు, వాన, కాలిబాట లేని పెద్దరోడ్డు.
నా హెడ్‌లైట్ల వెలుగులో ఆరు పసుపు కోట్లు, వరసగా,
లారీల గాలికి ఒరుగుతూ.
ముందు నడిచే ఆమె బోజెనా అని, వెనక ఆమె అబెనా అని
తర్వాత తెలిసింది.
నా కారులో నాలుగు సీట్లు ఖాళీ.
ఆపలేదు.

మర్నాడు గీత గీశాను.
రాత్రి ఖాళీగా డిపోకొచ్చే బండిని
సరస్సు మీదుగా తిప్పాను.
బకెట్లు కడిగి, తాళాలు అప్పజెప్పి, స్టాపుదాకా రావాలిగా,
అక్కడ మూడు నిమిషాలు నిలిపాను.
కారణం అన్న గడిలో "సర్దుబాటు" అని రాశాను.
పద్దెనిమిదేళ్లు ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మేడల్లో సగం అద్దెకున్నాయి.
రికార్డు గొంతు ఇంకా "ఇటుకబట్టీ" అంటుంది,
కొత్త కుర్రాళ్లు కిటికీలోంచి చూస్తారు,
అక్కడో జిమ్ ఉంటుంది.
పోయిన నెల కొత్త కంప్యూటర్
ఆ మూడు నిమిషాలను వృథా అని తీసేసింది.
నన్నూ, దాదాపు అదే వారంలో.

నిన్న రాత్రి ఊరికే ఎక్కాను.
సరస్సు దగ్గర గుర్మేజ్ బండి ఆపి,
దిగి, తుడవక్కర్లేని అద్దాన్ని
తుడవడం మొదలెట్టాడు.