నేలకి అడుగు ఎత్తున

ఇరవై రెండేళ్ళు
ఆ ఊళ్ళో ఒక దీపస్తంభం
నేలకి అడుగు ఎత్తున గాల్లో నిలబడింది.
ఎవరో లెక్క తప్పారు. ఎవరూ దిద్దలేదు.
దాని కుడిపక్క నుంచి దిగితే రన్‌వే తిన్నగా దొరుకుతుందని
నాకు తెలుసు, సోల్వికి తెలుసు.
ఇంకెవరికీ ఆ సంగతి అక్కర్లేదు.

స్కార్వ్‌నెస్‌లో నవంబరు చివర సూర్యుడు సెలవు పెడతాడు.
జనవరిలో గానీ రాడు.
ఆ రెండు నెలలూ పగలు మా ఇంట్లోనే ఉండేది,
పదిహేడంగుళాల గాజు వెనక.
చేపల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చేతులు రెండుసార్లు కడిగి,
అయినా వదలని కాడ్ వాసనతోనే
జాయ్‌స్టిక్ పట్టుకునేవాణ్ణి.
అక్కడ ఆకాశానిది ఒకటే నీలం. మబ్బులు నాలుగు రకాలు.
సముద్రమంతా కలిపి ఒకే అల,
చీర అంచు మీద అచ్చులాగా మళ్ళీ మళ్ళీ.
ఫియోర్డ్ మలుపులో ఒకచోట నీళ్ళకి చిల్లు ఉండేది.
తాకితే విమానం పాతాళానికి,
అక్కణ్ణుంచి ఎందుకో మళ్ళీ ఆకాశానికి.
ఒక క్రిస్మస్ రాత్రి సోల్వి కావాలనే అందులో పడింది,
ఫోన్‌లో పకపకా నవ్వుతూ.

అవతలి ఫియోర్డ్‌లో ఉంటుంది ఆవిడ.
పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసిన గొంతుతోనే
సాయంత్రాలు నాకు కంట్రోల్ టవర్ అయ్యేది.
"స్కార్వ్‌నెస్, గాలి పడమర నుంచి. దిగొచ్చు."
మధ్యలో "ఉండు, బంగాళాదుంపలు పొంగుతున్నాయి" అని
పది నిమిషాలు నన్ను గాల్లో తిప్పేది.
ముఖాముఖి కలిసింది మూడుసార్లే.
మూడుసార్లూ ఏం మాట్లాడాలో తెలియలేదు.

పోయిన వసంతంలో ఆవిడే ముందు మారింది.
"ఇక్కడ మీ ఇంటి కప్పు కూడా ఉంది, టోర్‌గెయిర్.
ఎర్ర రేకు, మూల తుప్పుతో సహా."
నేను నీళ్ళు నమిలాను.
ఆర్నెల్లు నమిలాను.
చివరికి పాత డబ్బాలో ఫ్యానే తేల్చేసింది:
ఒక మంగళవారం దగ్గి, ఇంకోసారి దగ్గి,
ఊరుకుంది.

కొత్తది దిగడానికి రెండు రాత్రులు పట్టింది.
తెరిచాను.
కిటికీ బయట పడుతున్న మంచే తెరలోనూ పడుతోంది,
అదే వాలుగా.
రెండిటి మధ్య కుర్చీలో నేను,
ఏది బయటో తేలక.
దీపస్తంభం నేల మీదే ఉంది,
పాస్‌పోర్టు ఫోటోలో మనిషిలా బుద్ధిగా.
అలవాటుగా దాని కుడిపక్క నుంచే దిగాను.
గాలి నన్ను ఎత్తి కొండకేసి కొట్టింది.

పదకొండుసార్లు కొట్టింది.

పన్నెండోసారి మొదలుపెట్టకుండా కూర్చున్నాను.
విమానం నడపడం వచ్చనుకున్నాను ఇన్నేళ్ళూ.
నాకు వచ్చింది అది కాదు.
పాతదాని మెత్తదనం వచ్చు నాకు:
ఎక్కడ చూసీ చూడనట్టు పోతుందో,
ఎంత వంకరగా దిగితే పోనీలే అంటుందో.
రిటైరవబోయే గుమాస్తా అది,
సంతకం మర్చిపోయినా ముద్ర వేసేది.
కొత్తది మొహం చూసి పని చెయ్యదు.

సోల్వికి చెబితే కాసేపు మాట్లాడలేదు.
"నాది నలభై దాటింది," అంది తర్వాత.
"ఆర్నెల్లుగా ఎవరికి చెప్పను?"
కిటికీ రెక్క తీసిన చప్పుడు.
చలి ఆవిడ గొంతులోకి రావడం వినిపించింది.
"చెయ్యి బయట పెట్టాను. వాయవ్యం, గట్టిగానే ఉంది.
మా గాలి పావుగంటలో మీ ఊరొస్తుంది. కాచుకో."

ఇంతకాలం ఆవిడ చెప్పిన గాలులన్నీ ఉత్తవే.
ఇది మొదటిది.

మలుపు మీదుగా పోతూ కిందికి చూశాను.
చిల్లు లేదు. నీళ్ళు నల్లగా, నిండుగా ఉన్నాయి,
ఒక అల ఇంకో అలలా లేకుండా.
ఇక్కడ మునిగితే మునగడమే.
రెక్క సన్నగా వణికింది, పావుగంట కాకముందే.
"సోల్వి, దిగనా?"
"ఉండు," అంది. ఏదో మూత ఎగిరిపడింది అక్కడ.

తిరుగుతున్నాను.