తడి వేలు

మా కార్ఖానాల కిటికీ తెరిచింది లేదు.
మే నెల్ల గూడ ఫ్యాను వెయ్యనియ్యడు బాపు.
గాలి సోకితే పోగు తెగుతది,
పోగు తెగితే సాంచ ఆగుతది,
సాంచ ఆగితే ఆ మీటరు కూలి పోతది.
పందొమ్మిదేండ్లు
గాలంటే దొంగ అనుకుంట పెరిగిన.

మిరుగం దాటినంక మిడ్ మానేరు కట్ట మీద
పన్నెండు దేశాల జెండాలు పాతిండ్రు.
పడవల క్యాంపు. ఇంజను లేని పడవలు.
సిరిసిల్ల నుంచి ఇద్దరికి సీటు:
ఒకటి ఈత వచ్చిన నరహరికి,
ఒకటి ఈత వస్తదని అబద్ధం చెప్పిన నాకు.
మూడొద్దులు లైఫ్ జాకెట్ విప్పలే,
అన్నం తినేటప్పుడు గూడ.

మొదటి పొద్దు కోచ్ చెప్పింది ఒక్కటే:
చూపుడు వేలు నోట్ల పెట్టు, పైకెత్తు,
ఏ దిక్కు చల్లగైతే ఆ దిక్కు గాలి.
ఎస్తోనియా లీస్‌ది, ట్యునీషియా హాతెంది,
అందరి వేళ్లు మొగులు దిక్కు లేచినయి
హాజరు పలికినట్టు.
నా వేలు తడవంగనే బాపు యాదికొచ్చిండు.
తెగిన పోగు కొసలు రెండు దగ్గరికి తీసి
ఉమ్మి తడితోని మెలేసే వేలు.

లీస్ నా జోడి.
ఆమె ఇంగ్లీషు నాకు సగం,
నా ఇంగ్లీషు ఆమెకు పావు,
మిగిలింది తాడు చూసుకుంటది.
గుంజుడు, వదులుడు.
సాంచ పక్కన పుట్టినదానికి ఇదేం కొత్త?
పడుగు ఎంత బిగువుండాల్నో అరచేతికి ఎరికే.

రెస్క్యూ బోటు నడిపే గంగారాం తాత
ఒక్క జాగల మాత్రం కేకేస్తడు:
"అడుగు పలక లేపుండ్రి బిడ్డా,
ఆడ మా కొట్టం గోడ ఉన్నది."
లీస్ నీళ్లల్లకు వంగి చూసింది.
రాళ్లు, అని చెప్పిన.
కొట్టం సంగతి రాత్రి చెప్పిన, టెంటుల, దీపం తీసేసినంక.
ఆమె చానసేపు ఏం మాట్లాడలే.

నాలుగో రోజు పడమటి గాలి దుంకింది.
పడవ ఒరిగింది. నేను మునిగిన, తేలిన,
నా అబద్ధం గూడ తేలింది.
నీళ్లల్ల నిలవడ్డ తుమ్మ మోడుకు తగిలి
తెరచాప మూరెడు చినిగింది.
కొత్తది హైదరాబాదు నుంచి రావాల్నంటే మూడొద్దులు.
మడత పెట్టి, ఆటోల ఒళ్లె వెట్టుకొని
బీవై నగర్‌కు తెచ్చిన.

బాపు దాన్ని గుడ్డ లెక్కనే చూసిండు.
అంచు గోటితో గీకిండు, వెలుతురుకు పట్టిండు.
"ఇంత దట్టంగ నేసిండ్రేందే?
మనిషి కట్టుకుంటే ఉడికి సస్తడు."
గాలి పోవద్దు బాపు, గాలిని పట్టాలె, అన్న.
"ముప్పయేండ్ల నుంచి బయటికి కొడుతున్న నేను!"
కండెలు చుట్టుకుంట అవ్వ అన్నది:
"కొట్టినవు. ఇగ నీ బిడ్డ ఇంట్లకే తెచ్చింది."

ఆ రాత్రి రెండు సాంచెలు బంద్.
సర్కారు చీరల ఆర్డరు పక్కకు జరిపి
చేతిసూదితోని కుట్టిండు,
రెండు వరుసలు, ఒకదాని మీద ఒకటి.
ఎంతియ్యాలె అని కోచ్ ఫోన్ల అడిగింది.
మీటరుకు రేటు తెలుసు గని
చినుగుకు రేటు తెల్వదన్నడు.

పొద్దున ఎక్సెల్ బండి మీద తనే తెచ్చిండు.
చెరువు దిక్కు చూడలే, జెండాల దిక్కు చూడలే,
కుట్టు దిక్కే చూస్తున్నడు,
సూది దిగిన కాడ దారం నిలుస్తదా లేదా అని.
మేం కట్ట ఇడిసినం.
చాప ఉబ్బింది. కుట్టు ఆగింది.

ఎన్కకు తిరిగి చూస్తే
బాపు వేలు నోట్ల పెట్టుకున్నడు.
అలవాటు, పోగు కోసమే అనుకున్న.
గా వేలు పైకి లేచింది.
జరసేపు గట్లనే ఉన్నది, దేనికో సాక్ష్యం చెప్పినట్టు.

తర్వాత కేక:
"అంచు వదులైతాందే! బిగువు! బిగువు!"

ఏమన్నడని లీస్ అడిగింది.
తాడు గుంజిన.