తేదీ లేని సంతకం

ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా
విజిల్ బరువు పెట్టినా.
అభ్యంతరం లేదని నేను రాసియ్యాలంట.
ఎదురుగా మునిచంద్ర,
మోకాళ్ళకి గ్రౌండు మట్టి,
కుర్చీ చూపించినా కూర్చోడు.

వేలంలో వీడి పేరు పలికింది.
పలికిన అంకె నా పదేళ్ళ జీతం కంటే లావు.
శిబిరం మొదలయ్యే రోజూ
ఆరో సెమిస్టరు మొదటి పరీక్షా
ఒకే సోమవారం.
"ఏం చెయ్యమంటారు సార్?"
నన్నీ మాట అడిగినోళ్ళలో వీడు ఏడోవాడు.

చెంగల్రాయుడు నడిమధ్యలో వదిలిపోయినాడు.
రెండు సీజన్లు టీవీలో కనిపించినాడు,
మూడో దాంట్లో చీలమండ విరిగింది.
పుత్తూరుకి నేనే తీసకపోయినా,
గుడ్డు తెల్లసొన, ఆకుపసరు, వెదురు దబ్బలు.
ఇప్పుడు అలిపిరి కాడ జీపు తోల్తాడు.
తప్పు చేసినావా అంటే
గేరు మారుస్తా అన్నాడు:
"డిగ్రీ ఉంటే మాత్రం
ఈ బండి కొండ మెత్తగా ఎక్కుతాదా సార్?"

పళని నా మాట విన్నాడు.
బీకాం ఫస్టుక్లాసులో దాటి తిరిగి చూస్తే
వాడి జాగాలో ఇంకెవరో తొడ కొడతా ఉండారు.
చిత్తూరు మండీలో బెల్లం దిమ్మెల లెక్క రాస్తాడు.
కనపడితే టీ ఇప్పిస్తాడు.
ఆ టీ నాకు గొంతు దిగదు.

ఇంక నేను.
రైల్వే జట్టు పిలిచిన ఏడాది
మా నాయన పట్టా ముందన్నాడు.
ఆ పట్టా వల్లే ఈ కుర్చీ, ఈ ఫ్యాను, పాప ఫీజు.
అబద్ధమెందుకు, అన్నం పెట్టింది.
అయినా
రేణిగుంటలో రైలు కూత పెడితే
ఇప్పటికీ ఊపిరి బిగబట్టుకుంటా.

కబడ్డీలో చచ్చినోడు మళ్ళీ బతికొస్తాడు,
పక్కనోడు ఒక పాయింటు తెస్తే చాలు.
యూనివర్సిటీ కూడా అంతే,
సప్లిమెంటరీ కడితే లేపి నిలబెడతాది.
ఒళ్ళే, అట్లా లేవదు.

ఇదంతా చెప్పాలనుకున్నా.
అడిగింది మాత్రం, "కాగితం చదివినావా?"
"అంతా ఇంగ్లీషు సార్."
"మూడేండ్లు ఏం చదివినావురా మరి!"
ఇద్దరం నవ్వినాం.
అప్పుడు కూర్చున్నాడు.
వేలు పెట్టుకుంటా వరసా వరసా చదివినాం,
బయట కుర్రోళ్ళు పిలుస్తా ఉన్నా లేవలేదు.
జెర్సీ మీది బొమ్మకి నాలుగు పేజీలు.
మోకాలికి
పదకొండో పేజీ అడుగున రెండు లైన్లు.
ఆ రెండు లైన్లూ వాడే మళ్ళీ చదివినాడు,
పెదాలు కదిలిస్తా,
పరీక్షకి చదివినట్టు.

సంతకం పెట్టినా.
తేదీ వెయ్యలేదు.
ఆ గడి నీదిరా అన్నా.

మడిచి జేబులో పెట్టుకుని
గ్రౌండుకి అడ్డంబడి పోయినాడు.
వాడు పోయినాక చూసుకుంటే
టేబుల్ మీద విజిల్ ఉంది,
నా పెన్ను లేదు.
హాల్లోకో, శిబిరానికో,
దేనికి పట్టుకుపోయినాడో.