పెన్సిలుతో రాసిన పేర్లు

నా మంచానికి సరిగ్గా పైన
రెండు వందల నలభై లీటర్ల సముద్రం ఉంది.
ఎమ్డెన్‌లో ఇదేమంత వింత కాదు.
కరకట్ట అవతల అసలు సముద్రం
రోజుకు రెండుసార్లు వచ్చి మా ఎత్తు చూసి పోతుంది.
ఫోల్కెర్ట్ ముప్పై ఆరేళ్లు పంప్‌హౌస్‌లో
ఊళ్లోంచి నీళ్లు బయటికి తోడాడు.
రిటైరయ్యాక ఉప్పు బకెట్లు మూడంతస్తులు మోసి
నీళ్లను ఇంట్లోకే తెచ్చుకున్నాడు.

జనవరిలో తుంటి ఆపరేషనుకు లేర్ వెళుతూ
తాళంచెవి నా చేతిలో పెట్టాడు,
దాంతోపాటు ఒక నోటుపుస్తకం.
పేర్లన్నీ పెన్సిలుతో.
"పెన్ను లేదా?" అన్నాను.
"పగడాల పేర్లు నిలకడగా ఉండవు, వీబ్కె.
ఏడాది తిరిగేసరికి ఎవరో వచ్చి ఇంటిపేరు మార్చేస్తారు."

సుత్తి, దివిటీ: ఎముక చూస్తే కవలలు.
కొనలు చూడు. అడ్డంగా సాగితే సుత్తి, ఉండకడితే దివిటీ.
తోలు పగడం అప్పుడప్పుడు ముసుగుతన్ని పడుకుంటుంది,
చచ్చిందని ఏడవకు, కుబుసం విడుస్తోంది.
గాజుగొట్టంలా ఒంటరిగా నిలబడేది పగడం కాదు, దొంగ.
గీకావో, ముక్కకొక పిల్ల.
ఎడమ మూల, రాతి చూరు కింద, గోధుమరంగు మొటిమలు:
వాటి ఎదురుగా
ఒట్టి ప్రశ్నార్థకం.

తప్పు నాదే.
చేపలు నావైపు నోళ్లు తెరిస్తే
చెంచా కొలత మరిచిపోయాను.
ముందు రాళ్లమీద నూగు,
తర్వాత గడ్డం,
పదోరోజుకు దువ్వెన పట్టనంత జుట్టు.
పరీక్షగొట్టంలో చుక్కలు వేస్తే
చిక్కటి నీలం తిరిగింది.
ఆకాశానికైతే అందమే.
పాత టూత్‌బ్రష్ పట్టుకుని భుజందాకా చెయ్యి ముంచాను,
వెల్లకిలా పడ్డ నత్తను రెండుసార్లు లేపి నిలబెట్టాను,
పీకిందంతా గొట్టంతో లాగి పారబోశాను.
తెల్లారితే మళ్లీ పచ్చగా నవ్వింది.

ఫోనులో మందుల మగత గొంతు:
"నాచును చంపేది బ్రష్షు కాదు, పస్తు.
చేపల తిండి తగ్గించు. నీళ్లు మార్చు.
లైట్లు మూడు రోజులు ఆర్పెయ్.
నా దుప్పట్లు తీసి చుట్టూ కప్పు.
పగడాలు ఓర్చుకుంటాయి. దానికి ఆ ఓపిక లేదు."

మూడో రాత్రి గాలివాన.
కిటికీ రెక్కలు గిలగిలా కొట్టుకుంటుంటే
నిద్రపట్టక పైకెళ్లాను,
సైకిలు వెనక తగిలించే ఎర్రదీపం పట్టుకుని.
దుప్పటి అంచు నాలుగు వేళ్లంత ఎత్తాను.

ఎడమ మూల, చూరు కింద,
మొటిమలు లేవు.
ఒక్కోదాని చోట ఒక్కో నోరు,
నోటి చుట్టూ రేకులు,
ప్రవాహంలో ఏదైనా దొరుకుతుందేమోనని
చాచిన వేళ్లు.
ఎర్రటి వెలుగులో రంగు తెలియలేదు.
ఊపిరి బిగబట్టి దుప్పటి దించేశాను,
ఎవరి పడకగదిలోకో తొంగిచూసినట్టు.

పుస్తకంలో ప్రశ్నార్థకం చెరపలేదు.
పక్కనే రాశాను:
రాత్రి రెండున్నర. ఆకలితో ఉంది.

ఫోల్కెర్ట్ చేతికర్రతో తిరిగొచ్చాడు.
లైట్లార్పి, కుర్చీ లాక్కుని గంటసేపు కూర్చున్నాడు.
టార్చి వెలుగులో అది పండిన నారింజ.
"సూర్య పగడం," అని కుట్లు నొప్పెట్టేలా నవ్వాడు.
"పేరు చూడు. వెలుగు తిని బతికే జాతే కాదిది.
ఇన్నాళ్లూ పట్టపగలు భూతద్దం పెట్టి వెతికాను."

మరి ఏం తింటుంది?
మాంసం. రొయ్యపిల్లల తునకలు.
ఒక్కో నోటికీ డ్రాపరుతో అందించాలి,
జారిపోయింది నీళ్లలో కుళ్లుతుంది,
కుళ్లింది నాచుకు విందు.

"అంటే మళ్లీ వస్తుందా?" అన్నాను.
అతను నోళ్లు లెక్కపెడుతున్నాడు.
పదకొండు దగ్గర ఆగి, తల తిప్పకుండానే అడిగాడు,
"ఆ బ్రష్షు ఎక్కడ పెట్టావు?"