రైట్

గూడెప్పాడ్ క్రాస్ కాడ
"రైట్" అనబోయిన.
సగం మాట లోపట్నే ఉండిపాయె.
ఓదెలు అద్దంల చూసి,
"అక్కా, పోవాల్నా ఆగాల్నా?"

అప్పటికి నాలుగు నెలల దగ్గు,
రాత్రిపూట ముసురు లెక్క.
పరకాల డిపోల అందరు డాక్టర్లే.
రోడ్డు దుమ్మన్నరు,
ఎనుమాములకు పోయే మిర్చి బస్తాల ఘాటన్నరు.
తెమడ మూడుసార్లు ఇస్తే
మూడుసార్లు ఏం లేదన్నది,
దినాం ఆడోళ్లకు నేను కొట్టే జీరో టికెట్ లెక్క.
ఎక్స్‌రేల మచ్చ ఉన్నదని
అయినా టీబీ గోలీలే పెట్టిన్రు.
ఆరు నెలలు ఎర్రగ పోసిన.
ఇంట్ల నా గిలాస అల్మారా మీదికెక్కింది.
ఎవరు ఎక్కిచ్చిన్రో అడగలే.

ఎంజీఎంల అనీసా డాక్టర్
ఫిల్మ్‌ను కిటికి వెలుగుకు పట్టి
శానసేపు మాట్లాడలే.
కాళ్ల మీది ఎర్ర గడ్డలు ఒత్తింది.
"కండ్లు మంటలేస్తయా?"
దగ్గుకు పోతే కండ్లెందుకో.
గొంతులకెల్లి పైపు దింపి
ఊపిరితిత్తుల నడిమి గడ్డల
మెతుకంత ముక్క తీసింది.
పదకొండు దినాలకు చెప్పింది:
"టీబీ కాదమ్మా. సార్కాయిడోసిస్.
నీ ఒంట్లె కావలోళ్లే
దొంగ లేని ఇంట్ల గుమిగూడిన్రు."
ఎందుకట్ల అంటే
"మాక్కూడా తెల్వదు" అన్నది.
ఆ మాట అన్న డాక్టర్‌ను
అదే మొదలు చూసుడు.

నాలిక తిరగని పేరు.
ఏ రూటుల లేని స్టేజీ.
రాత్రి టికెట్ మిషన్ ఒళ్లె పెట్టుకొని
ఒక్కొక్క అక్షరం దిగుకుంట పలికిన.

కొత్త గోలీలకు ఒకటే ఆకలి.
నడిజామున సద్ది గిన్నె నాకిన.
షుగర్ ఎక్కింది, మొకం గుమ్మడికాయైంది.
"ఒళ్లు చేసినవ్ కండక్టరమ్మా, మంచిగున్నవ్!"
ఔనవ్వా అని చిల్లరిచ్చిన.

నెలకోపారి ఊదుడు గదిల
యాకూబ్ నోట్లె గొట్టం పెట్టి
"ఊదు ఊదు ఊదు, ఇంకా, ఇంకా" అని ఒర్రుతడు,
బురదల టైరు దిగబడ్డప్పుడు జనం ఒర్రినట్టు.
మిషన్లకెల్లి సన్న కాయితం వస్తది.
మొదలు నలభై ఎనిమిది.
మొన్న అరవై ఒకటి.
అలవాటుకు చింపి
పైసలకు చెయ్యి చాపిన.
యాకూబ్ నవ్వలే, జేబులు తడుముకున్నడు.
అప్పుడు ఇద్దరం నవ్వినం,
నాకు దగ్గొచ్చేదాంక.

ఈ నెల గోలీ సగం చేసిన్రు.
తగ్గిస్తే మల్ల లేవచ్చన్నది డాక్టర్.
గిలాస నేనే కిందికి దించిన.
ఆరెపల్లి దాటినంక గాలి చాలదు.
రూపాయి బిళ్లతోటి బస్సు రేకు మీద కొడుత.
ఓదెలుకు అదే రైట్.