జరగనివాటి పద్దు

వాల్దీవియాలో వాన
అడిగి రాదు, చెప్పి పోదు.
ఆసుపత్రి కొత్త బ్లాకు మీటింగులన్నీ
రేకుల షెడ్డు కింద, ఆ మోతలోనే.
మినిట్స్ రాసేది నేను.
ఎవరేమన్నారో రాయడం నా పని,
ఎవరేం మింగేశారో కాదు.

ఎర్సీలియా వెంచుమాన్ వచ్చిన రోజు
ఆమె ఫీజు అంకె చూసి
కంట్రాక్టరు ఒయార్సూన్ పెదవి విరిచాడు:
"ఇటుక పెట్టదు, గీత గీయదు,
ప్రశ్నలడగడానికి ఇంతా?"
అదీ రాశాను.
కొట్టేయమన్నారు. కొట్టేశాను.

అరవై దాటిన మనిషి. బురద బూట్లు.
నలభై ఏళ్ల కట్టడాల్లో ఎక్కడో
ఎడమ చూపుడువేలు సగం వదిలేసి వచ్చింది.
మిగిలిన సగంతోనే ప్లాను మీద తడుముతుంది
బియ్యంలో రాళ్లు ఏరినట్టు.

మొదటి వారమంతా అడిగింది ఒక్కటే:
"ఆరో బోరు తరవాత ఎనిమిదోది ఉంది.
ఏడోది ఏది?"
బల్ల చుట్టూ అందరూ కాఫీ కప్పుల్లోకి చూశారు.
ఆ రోజు డ్రిల్లు బండి దిగబడిందట.
ఆరునూ ఎనిమిదినీ కలిపి సగం చేసి
ఏడును ఆఫీసులోనే పుట్టించారట.

ఆమె కోప్పడలేదు.
గొడుగు తీసుకుని చేపల అంగడికి నడిచింది,
నన్నూ రమ్మంది.
తలకాయల కోసం నది మెట్ల మీద
అరుస్తున్న సముద్ర సింహాల పక్కన
ఉల్దా అనే ముసలావిడ కత్తి ఆపకుండానే చెప్పింది:
"ఆ మూలా? మా నాన్న అక్కడ పడవ కట్టేసేవాడు.
పెద్ద భూకంపం తరవాత పూడ్చారు.
దేంతో పూడ్చారని అడగవేం?"

నీరు పల్లమెరుగు.
కాగితం ఎరగదు.

ఏడో బోరు నిజంగా వేశారు.
పదకొండు మీటర్ల దాకా
బురద, రంపప్పొట్టు, విరిగిన పెంకులు,
ఒక పడవ చెక్క.
ఎక్స్-రే గది పునాది
సరిగ్గా దాని మీద కూర్చోవాల్సింది.

తరవాత మంచం సంగతి.
పాత వార్డు నుంచి ఒకటి తెప్పించి
నేల మీద పచ్చ టేపుతో నడవా గీసి
ఆర్కిటెక్టు బాల్తసార్‌ని పడుకోమంది.
"నేనా?" అన్నాడు. పడుకున్నాడు.
నేనూ ఒక నర్సూ తోశాం.
రెండో మలుపులో సెలైన్ స్టాండు
ఇంకా కట్టని గోడలోకి దూసుకుపోయింది.
వెల్లకిలా పడుకునే, రేకుల కేసి చూస్తూ
మెల్లగా అన్నాడు: "నలభై సెంటీమీటర్లు."

గీతను జరిపితే ఖర్చు రబ్బరు ముక్క.
గోడను జరిపితే ఎంతో
ఒయార్సూనే లెక్క కట్టాడు.
అంకె పైకి చదవలేదు.
ఆ రోజు నుంచి మీటింగులో
తన పక్క కుర్చీ ఆమెకి లాగి ఉంచేవాడు.

అన్నీ నెగ్గలేదు.
కిటికీల దగ్గర ఓడిపోయింది.
చవకవే వచ్చాయి. ఆమె అభ్యంతరం
నా మినిట్స్‌లో పద్నాలుగో పేజీ, మూడో పంక్తి.
ఇప్పుడు మూడో అంతస్తులో వానకి బకెట్లు పెడతారు.
ఊరికి తెలిసిందల్లా బకెట్లే.
పడని గోడని ఎవరు చూస్తారు?

రిబ్బను కత్తిరించిన రోజు ఆమె లేదు.
ఒసోర్నోలో ఇంకెవరి ప్లాన్లలోనో
ఇంకే ఏడో అంకె కోసమో వెతుకుతోంది.
నాకో పొట్టి చీటీ వదిలింది:
"తేదీలు బాగా రాస్తావు."

ఒక రాత్రి సొంత నోటుబుక్కు తీసి
జరగనివాటికి మినిట్స్ రాద్దామనుకున్నాను.
కుంగలేదు. ఇరుక్కోలేదు.
హాజరు కానివారు: ఎవరో తెలియదు.
అంతకు మించి కలం కదల్లేదు.

నిరుడు ఏప్రిల్లో ఒక పొద్దున భూమి కాస్త కదిలింది.
ఎక్స్-రే గదిలో ఒకావిడ
ఛాతీ పలకకి ఆనించి
ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది,
టెక్నీషియన్ బిగబట్టమన్నాడని.
పైన దీపం రెండుసార్లు ఊగి ఆగింది.
"ఇక వదలండి" అన్నాడతను.
వదిలింది.